వెనక గుండీల చొక్కా

మా అమ్మ ఏ కారునైనా ముందు కళ్ళతో చూడదు. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, కడిగి ఆరబెట్టిన బానెట్ మీద వేళ్ళు మెల్లగా జరుపుతుంది. ఉత్త చేతికి అందని గరుకు కవరు వేసుకున్న చేతికి తెలుస్తుందట. చిన్నప్పుడు నేనది నమ్మక, ఒకసారి సర్వీసు సెంటర్లో అమ్మ కోసం ఎదురుచూస్తూ నా చేతికీ ఒక కవరు తొడుక్కుని చూశాను. నిజమే. నున్నగా ఉందనుకున్న రేకు ఉప్పు చల్లినట్టు గరగరలాడింది. "వాన, పొగ, చెట్ల జిగురు, అన్నీ ఎక్కి కూర్చుంటాయి. కడిగితే పోవు. బతిమాలి దింపాలి," అంది అమ్మ. కార్ల విషయంలో ఉన్న ఓపికలో సగం నా మీద ఉంటే బాగుండేదని అప్పట్లో అనుకునేదాన్ని. తనకు నేనొక్కదాన్నే కూతుర్ని, అయినా సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ ఓపికలో ఏమీ మిగిలేది కాదు.

ఆ సర్వీసు సెంటర్లో అమ్మ ఇరవై రెండేళ్ళు పనిచేసింది. చేరింది నేల తుడవడానికి. అక్కడ పాలిష్ పని చూసే ముసలి పెయింటరుకు నడుం పట్టేసి వంగలేని రోజుల్లో, గుడ్డ అమ్మ చేతికిచ్చి తను స్టూలు మీద కూర్చుని తిట్టేవాడట. ఆ తిట్లతోనే పని వచ్చిందని అమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఐదారేళ్ళు గడిచేసరికి తలుపుల మీద తాళంచెవి గీతలు, గోడకు ఒరుసుకున్న బంపర్లు, పక్షులు పాడుచేసిన టాపులు, అన్నీ అమ్మ దగ్గరికే వచ్చేవి. షెడ్డులో అందరూ ఆమెను గీతల డాక్టరమ్మ అని పిలిచేవారు. "గీతను తీయడమంటూ ఉండదే. దాని చుట్టూ ఉన్న పూతను గీత లోతుకి దింపడమే. ఆ పూత తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఎక్కడ ఆపాలో తెలియనివాడు దీన్ని ముట్టుకోకూడదు," అని నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పేది. నాకేం అవసరం, నేను వినేదాన్ని కాదు.

కారు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు ముందువైపు అద్దాల గదిలో కూర్చునేవారు. సూపర్‌వైజరు తాళాలు తెచ్చి చేతిలో పెట్టేవాడు. "భలే చేశారండీ!" అని వాళ్ళు అతనికి చెయ్యి కలిపి వెళ్ళేవారు. అమ్మ అప్పటికి వెనక షెడ్డులో ఇంకో కారు ముందు మోకాళ్ళ మీద ఉండేది. ఇది ఎవరు చేశారని ఒక్కరంటే ఒక్కరు ఆ షెడ్డు దాకా రాలేదు. చివరికి కొత్త యాజమాన్యం వచ్చి, కొత్త యంత్రాలు బిగించి, అమ్మకు ఒక గోడ గడియారం ఇచ్చి పంపించేసింది.

షెడ్డు దాకా రానివాళ్ళ సంగతి సరే. ఇంట్లో మేం మాత్రం తక్కువ తిన్నామా? నాన్న పోయిన మరుసటేడు నాకు సంబంధం వచ్చినప్పుడు, బాబాయి పెళ్ళివారితో, "మా వదిన కార్ల కంపెనీలో సూపర్‌వైజరు" అన్నాడు. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. తన చేతుల వైపు చూసుకుని వాటిని ఒడిలోకి తీసుకుంది. షాంపూ నీళ్ళలో నాని నాని గోళ్ళ పక్కన చర్మం చీలిపోయి ఉండేది ఆ చేతులకు. పెళ్ళయ్యాక మా ఆయనకు అసలు సంగతి తెలిసింది. గొడవేమీ పెట్టలేదు, మంచివాడే. "పోనీలే, ఇప్పుడు ఊరంతా చాటింపు వెయ్యాల్సిన పనేముంది?" అన్నాడు. ఎంత సంస్కారమో అని నేనప్పుడు పొంగిపోయాను. నా మొహం.

పోయిన ఏడాది మా ఆయన కారు కొన్నాడు. సెకండ్ హ్యాండ్‌ది, నల్లరంగుది. "నలుపు వద్దు బాబూ. నలుపు ఏదీ దాచుకోదు. తెలుపో బూడిదరంగో చూడండి," అని అమ్మ ముందే చెప్పింది. కానీ వాళ్ళ మేనేజరుది నల్లకారు, అందుకని ఈయనకూ నలుపే కావాలి. కొన్న మర్నాటి నుంచీ మిట్టమధ్యాహ్నం ఎండలో, పాత బనియనుతో, గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పంతం పట్టినవాడిలా రుద్దడం. రెండు నెలలు తిరిగేసరికి ఎండలో చూస్తే బానెట్ మొత్తం సాలెగూడులా ఉంది. గుండ్రంగా, సన్నగా, లెక్కలేనన్ని గీతలు.

అప్పుడు తలకెక్కింది ఫోను పిచ్చి. కారును ఇంట్లోనే ఎలా మెరిపించాలో చెప్పే వీడియోలు అన్నం తింటూ, పళ్ళు తోముకుంటూ చూసేవాడు. వారానికో అట్టపెట్టె వచ్చేది. మెరుపు స్ప్రేలు, టైర్ల జెల్లు, డ్యాష్‌బోర్డు నూనెలు, నిమ్మవాసన నురగలు, పసుపుపచ్చ స్పాంజీలు, ఎందుకో తెలియని ఒక బ్రష్షు. వరండాలో నా చెప్పులు పెట్టుకునే చోటు పోయింది. కారు మాత్రం అలాగే ఉంది.

అంతలో మేనేజరూ ఆయన భార్యా ఫలానా ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తామన్నారు. మా ఆయన కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆ వారంలోనే అమ్మ మమ్మల్ని చూడటానికి వచ్చింది. వరండాలో ఆ సీసాల వరస చూసి నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

"నవ్వకండి అత్తయ్యగారూ. ఏది కొనాలో, ఏది కొనకూడదో మీరే చెప్పండి. ఈసారి మీ మాటే," అన్నాడు మా ఆయన.

అమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆమె పని గురించి ఆమెను ఎవరైనా అడగడం అదే మొదలు. వెంటనే కింద కూర్చుని, బియ్యంలో రాళ్ళేరినట్టు సీసాలు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కొక్క మూత తీసి వాసన చూసి, చుక్క వేలి మీద వేసుకుని రాసి చూసింది. "ఇది ఉత్త నూనె. రాసిన పూట మెరుస్తుంది, సాయంత్రానికి ఊళ్ళో దుమ్మంతా దీని మీదే. ఇది బండలు కడగడానికి పనికొస్తుంది. ఇది అద్దాలకి పర్లేదు, ఉంచండి. ఈ స్పాంజీ మాత్రం ముందు బయట పారెయ్యండి బాబూ, దీనికి ఇసుక దాచుకునే దారి లేదు, ఉన్నదంతా రంగు మీదే రుద్దుతుంది." చివరికి పద్దెనిమిది సీసాల్లో రెండు మిగిలాయి. మా ఆయన మొహం చూడాలి అప్పుడు.

మర్నాడు అమ్మా నేనూ కార్ల సామాను అమ్మే దుకాణానికి వెళ్ళాం. ఇరుకుగా, రబ్బరు వాసనతో, నేల నుంచి సీలింగు దాకా డబ్బాలతో నిండి ఉంది. దుకాణదారు నా చేతిలో బ్యాగు, నా కళ్ళద్దాలు చూసి నాతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"మేడం, ఇది తీసుకోండి. పది నిమిషాల్లో కారు అద్దంలా అయిపోతుంది."

"అద్దం వద్దు గానీ, సన్నరకం పాలిష్ ఉందా?" అంది అమ్మ.

అతను అమ్మను చూడకుండానే ఒక డబ్బా తీసి నా ముందు పెట్టాడు. అమ్మ మూత తిప్పి, చిటికెడు తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ చెవి దగ్గర పెట్టుకుంది. "ఇది లారీలకు అమ్ము నాయనా. గరగరమంటోంది చూడు, ఆ పూతను రెండుసార్లలో తినేస్తుంది," అని తిరిగి ఇచ్చేసింది. అప్పుడు అతను మొదటిసారి అమ్మ వైపు తిరిగాడు. లోపల్నుంచి ఇంకో డబ్బా తెచ్చాడు. అమ్మ దాన్నీ నలిపి, విని, తలూపింది.

ఇక అక్కడి నుంచి బేరం వాళ్ళిద్దరి మధ్యే నడిచింది. నేను పక్కన దిష్టిబొమ్మలా నిలబడ్డాను. రెండు బకెట్లు, ఒకటి సబ్బునీళ్ళకు, ఒకటి గుడ్డ జాడించుకోవడానికి. వాటి అడుగున పెట్టే ప్లాస్టిక్ జాలీలు రెండు, దిగిన ఇసుక మళ్ళీ పైకి రాకుండా. ఉన్నితో చేసిన చేతి తొడుగు ఒకటి. పేరు చూడకుండా పల్చగా జారే కారు షాంపూ. రంగును పట్టుకున్న మురికిని లాగే మెత్తటి బంకమట్టి ముద్ద, సబ్బుబిళ్ళంత. పాలిష్ మిషను దగ్గర చాలాసేపు పట్టింది. అతను గిర్రున తిరిగే పెద్దది చూపించాడు. "ఇది ఒక్కచోట నిలబడి కాల్చేస్తుంది, చెయ్యి తిరిగినవాళ్ళకే. మా అల్లుడుగారు రేపు తనే పట్టుకుంటానంటారు. ఊగుతూ తిరిగేది చూపించు," అంది. అంచులకు అంటించే కాగితపు టేపు రెండు చుట్టలు అడిగింది. "అంచుల్లోనే పూత పల్చగా ఉండేది. అందరూ అక్కడే తగలేస్తారు."

గుడ్డల దగ్గర మాత్రం నా పరువు తీసింది. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డల కట్ట విప్పి, ఒకటి తీసి పై పెదవి మీద అటూ ఇటూ రాసుకుంది. ఇంకోటి తీసి మళ్ళీ రాసుకుంది. దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురు ముక్కున వేలేసుకుని చూస్తున్నారు.

"అమ్మా, ఏంటిది!" అన్నాను గొంతు తగ్గించి.

"చేతులు మొద్దుబారిపోయాయే. పెదవి అబద్ధం చెప్పదు," అంది. కుట్టిన అంచు గరుకుగా ఉందని ఒక కట్ట పక్కన పెట్టి, అంచు లేనివి డజను తీసుకుంది.

దుకాణదారుకు ముచ్చటేసినట్టుంది. "మీరు ఈ లైన్లోనేనా అమ్మా?" అన్నాడు.

అమ్మ నావైపు చూసింది. నేను బ్యాగులో ఏదో వెతుకుతూ, "మా అమ్మకి కొంచెం తెలుసు లెండి," అన్నాను. కొంచెం! ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. అమ్మ గుడ్డలు లెక్కపెట్టుకుని బకెట్లో వేసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బకెట్లు మా ఇద్దరి ఒళ్ళో ఉన్నాయి. అమ్మ కిటికీ వైపు చూస్తూ అడిగింది. "ఆదివారం వచ్చేవాళ్ళు కారు చూస్తారా?"

"చూడక? గేటు తియ్యగానే అదే కదా."

"చూస్తే ఎవరు చేశారని అడుగుతారు."

"అడుగుతారేమో."

"అడిగితే మా అమ్మ చేసిందని చెప్పవే. నేను పక్కనే ఉంటా. నువ్వు చెబుతుంటే వినాలనుంది." బకెట్టు ఒళ్ళోకి లాక్కుని, "అన్నేళ్ళు చేశాను. ఒక్కసారి వినాలి, అంతే. ఇంకేం అక్కర్లేదు," అంది.

మా అమ్మ నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తులేదు. "చెబుతానమ్మా, చెప్పకేం," అన్నాను. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాను. అది నిజమని ఇప్పుడు చెప్పుకున్నా ఎవరికి ఉపయోగం?

శనివారం తెల్లవారుతూనే అమ్మ వచ్చింది. ఒక సంచిలో ఇస్త్రీ చేసిన ఆకుపచ్చ చీర. దాన్ని మా పడగ్గది తలుపు వెనక హ్యాంగరుకు తగిలించింది. ఆదివారం పదిన్నరకల్లా పని ముగించి, స్నానం చేసి, ఆ చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడాలన్నది ఆమె లెక్క. వాళ్ళు వచ్చేది పదకొండున్నరకి.

తర్వాత ఒంటి మీదున్నవన్నీ తీసేసింది. గాజులు, ఉంగరం, మెడలో గొలుసు, చెవులవి కూడా. అన్నీ ఒక స్టీలు గ్లాసులో వేసి వంటింటి అలమరలో పెట్టింది. లోహం ఏదైనా రంగుకు తగిలితే గీతేనట. చీర మీద నాన్న పాత చొక్కా తొడుక్కుంది, అదీ వెనక్కి, గుండీలు వీపు మీదకు వచ్చేలా. కారు మీద ఒరిగి పని చేస్తున్నప్పుడు గుండీ గీసుకోకుండా ఆ షెడ్డులో అందరూ అలాగే తొడుక్కునేవారు. చేతులు వెనక్కి అందక నన్నే గుండీలు పెట్టమంది. పెట్టాను. జుట్టుకు పాత తువ్వాలు చుట్టుకుంది. అద్దంలో చూసుకోకుండానే బయటికి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా కారును నీడలో పెట్టి కడిగింది, బంకమట్టితో తుడిచింది, అంచులన్నిటికీ టేపు అంటించి మిషను పట్టింది. మా ఆయన వెనకాలే తిరుగుతూ, "ఇలాగా అత్తయ్యగారూ? ఇంత నొక్కితే చాలా?" అని అడుగుతుంటే, అతని చెయ్యి మీద చెయ్యి వేసి నేర్పింది. ఒక గుడ్డ చేజారి నేలమీద పడితే అతను దులిపి మళ్ళీ తుడవబోయాడు. అమ్మ కేకేసిన కేకకు పక్కింటివాళ్ళు తొంగిచూశారు. "కింద పడిందా, ఇక అది టైర్లకే! రంగు మీదికి రాకూడదు!" అంది. మా ఆయన మారుమాట్లాడకుండా గుడ్డ పక్కన పెట్టాడు. ఆ రోజు అమ్మ మా ఇంట్లో పెద్దరికంతో తిరిగింది. చూడటానికి బాగుంది.

ఆదివారం పొద్దున్న మైనం రాసింది, పల్చగా, ఉందా లేదా అన్నట్టు. అది ఆరి పాలిపోయాక తుడవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క చోట గుడ్డ తిరిగే కొద్దీ లోపల్నుంచి నలుపు పైకి వచ్చింది. ఆ కారులో అంత నలుపుందని మాకెవరికీ తెలియదు. చెట్టు కొమ్మలు, ఎదురింటి బాల్కనీ, ఆరేసిన బట్టలు, అన్నీ అందులో కనబడుతున్నాయి. ఇంకా వెనక తలుపు ఒకటి మిగిలింది. టైము పది కూడా కాలేదు.

గేటు బయట కారు హారన్ మోగింది. మేనేజరూ ఆయన భార్యా గంటన్నర ముందే దిగబడ్డారు. "ఇటువైపే పనుండి వచ్చాం, మళ్ళీ తిరిగెళ్ళడమెందుకని వచ్చేశాం," అంటూ లోపలికి వచ్చారు. మా ఆయన చేతులు నలుపుకుంటూ పరిగెత్తాడు. నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాను.

మేనేజరు భార్య కారు దగ్గరే ఆగిపోయింది. "ఇదేంటి, కొత్తది కొన్నారా?"

"లేదండీ, అదే," అన్నాడు మా ఆయన, మెలికలు తిరిగిపోతూ.

ఆమె వంగి తలుపులో తన మొహం చూసుకుంది. బానెట్ మీద వేలు పెట్టబోయి, పెడితే మాసిపోతుందేమోనని తీసేసింది. "ఒక్క గీత లేదు! మా కారు చూస్తే ఏడుపొస్తుంది. ఎవరు చేశారండీ?" అని, వెనక తలుపు దగ్గర గుడ్డ పట్టుకుని లేచి నిలబడిన మా అమ్మను చూసింది. తలకు తువ్వాలు, బోసి మెడ, బోసి చేతులు, వెనక్కి తొడిగిన మగవాళ్ళ చొక్కా. "ఈవిడేనా? ఎక్కడ దొరికింది మీకు?"

రెండే రెండు మాటలు చెప్పాలి నేను. మా అమ్మ. అమ్మ నావైపు చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి, పెదవులు కొంచెం విడివడ్డాయి, ఫలితాలు చదివేటప్పుడు తన పేరు వస్తుందని తెలిసిన పిల్లలా ఉంది. ఆ చూపు నేను పూర్తిగా చూశాను. చూడలేదని బుకాయించలేను.

"సర్వీసువాళ్ళు పంపించారండీ," అన్నాను.

సిగ్గేసింది నాకు. ఆమె ప్రశ్న విని కాదు, చొక్కా చూసి కాదు, మా అమ్మను చూసే సిగ్గేసింది. ఇంకోలా చెప్పుకుంటే కొంచెం తేలిగ్గా ఉండును, కానీ ఉన్నది అదే. మా ఆయన వంగి టైరులో గాలి ఎంతుందో చూస్తున్నాడు, ఆ క్షణంలోనే దానికి పనిపడింది.

అమ్మ మొహంలో పెద్దగా ఏమీ మారలేదు. కళ్ళు మామూలు సైజుకు వచ్చాయి, అంతే. గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. తర్వాత నాతో, సొంత కూతురితో, "పనైపోయింది మేడం. ఒకసారి చూసుకోండి," అంది.

నేను చూసుకున్నాను. ఇది చెప్పడానికి నాకు మొహం చెల్లదు, కానీ చెప్పాలి. నిజంగానే కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, అక్కడక్కడా వంగి, డబ్బిచ్చి పని చేయించుకున్నదానిలా చూశాను. వెనక తలుపు సగం తుడిచే ఉంది. "బాగుంది," అన్నాను. అమ్మ బకెట్లు సందులో బోర్లించి, పక్కగేటు తీసుకుని వెళ్ళిపోయింది.

వంటింటికి వెళ్ళాలంటే హాల్లోంచి వెళ్ళాలి, హాల్లో వాళ్ళు కూర్చున్నారు. అందుకని గ్లాసులో వస్తువులు గ్లాసులోనే ఉండిపోయాయి. చీర తలుపు వెనకే ఉండిపోయింది. ఏమీ తినలేదు. ఆ చొక్కాతోనే, వెనక గుండీలు తనంతట తను విప్పుకోలేదు కాబట్టి ఆ చొక్కాతోనే, బస్సెక్కి ఊరి ఆ చివరికి వెళ్ళింది. భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి పడగ్గదిలోకి వచ్చిన మేనేజరు భార్య తలుపు వెనక చీర చూసి, "రంగు ఎంత బాగుందో! మీదేనా?" అంది. "అవునండీ," అన్నాను. అప్పటికి అబద్ధానికి నా నోరు బాగా అలవాటైపోయింది.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన, "నువ్వెందుకలా అన్నావు?" అన్నాడు.

"మీ నోరేమైంది? రెండ్రోజులు అత్తయ్యగారూ అత్తయ్యగారూ అని వెనకాల తిరిగారుగా!"

"మీ అమ్మ. నువ్వు చెప్పాలి."

అదీ నిజమే. అందుకే ఒళ్ళు మండిపోయి, ఆ పూటంతా అతనితో మాట్లాడలేదు.

సోమవారం నేను పనిచేసే స్కూలు ఆఫీసుకు సెలవు పెట్టి, చీరా గ్లాసూ పట్టుకుని అమ్మ ఇంటికి వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. అమ్మ తలుపు తీసి, "తిన్నావా?" అంది. గ్లాసు తీసుకుని గాజులు ఒక్కొక్కటే తొడుక్కుంది.

"అమ్మా, నిన్న..."

"తొందరగా వచ్చేశారే వాళ్ళు. ఇంకో అరగంట ఆగుంటే స్నానం చేసి ఉండేదాన్ని. ఆ చొక్కాలో చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు."

నేరం చొక్కా మీద పెట్టి నాకు దారి ఇచ్చింది. నేను ఆ దారిలో దూరిపోయాను. "అవునమ్మా, ఆ చొక్కా వల్లే," అన్నాను. ఏడుస్తానేమో అనుకున్నాను గానీ, ఏడవలేదు, కాఫీ తాగి వచ్చేశాను.

బుధవారం మేనేజరు భార్య నుంచి మెసేజి వచ్చింది. కారు చేసిన ఆవిడ నంబరు కావాలట. నా ఫోనులో ఆ నంబరు 'అమ్మ' అని ఉంది. అలాగే పంపిస్తే ఆ పేరుతోనే వెళుతుంది. అప్పటికీ టైముంది, ఒక్క వేలి పని. నేను ముందు అమ్మకు ఫోను చేశాను. "నీకు ఇష్టం లేకపోతే చెప్పు, ఊళ్ళో లేదంటాను," అన్నాను.

"ఎందుకు లేదనడం? పనేగా. ఇవ్వు," అంది.

పది అంకెలూ కాగితం మీద రాసుకుని, చూసి టైపు చేసి పంపాను. పక్కన పేరు రాయలేదు.

శనివారం అమ్మ మేనేజరుగారింటికి వెళ్ళింది. ఆ రోజంతా నాకు ఆఫీసులో ఏ కాగితం మీదా కన్ను ఆనలేదు. అమ్మ చెప్పేస్తుందేమో. మాటల్లో మాటగా, ఆ అమ్మాయి నా కూతురేనండీ అనేస్తే? అక్కడి నుంచి మా ఆయన ఆఫీసుకూ, అక్కడి నుంచి అందరికీ. ఇంత చేసి కూడా నా భయం నా గురించే. సాయంత్రం ఆరింటికి ఇక ఉండబట్టలేక నేనే ఫోను చేశాను.

"బాగా అయింది," అంది అమ్మ. గొంతులో నేను చాలా ఏళ్ళుగా వినని హుషారు. "వాళ్ళదీ నలుపే, మీదానికన్నా నయం. ఆవిడ చాలా మంచిదే! లోపలికెళ్ళి కూర్చోకుండా పనంతా పక్కనే నిలబడి చూసింది. కవరు తొడిగించి చెయ్యి పెట్టి చూడమంటే చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నేళ్ళు చేశారు, అన్నీ అడిగింది. ఆ పెయింటరు తిట్లన్నీ చెప్పాను, పడీ పడీ నవ్వింది. వాళ్ళ చెల్లెల్ని ఫోన్ చేసి పిలిపించి, ఇదంతా ఈవిడే చేశారు చూడు అని నా భుజం మీద చెయ్యేసి చెప్పింది."

వినాలనుకున్న మాట వినేసింది మా అమ్మ. చెప్పింది వేరే ఆమె.

"పిల్లలెంతమంది అని అడిగింది," అంది అమ్మ.

"ఏం చెప్పావు?"

"లేరన్నాను."

నాకేదో సర్దిచెప్పాలన్నట్టు అమ్మే మళ్ళీ అంది. "ఉన్నారంటే ఎక్కడుంటారు, ఏం చేస్తారు అని ఇంకా అడుగుతుంది కదే. అన్నిటికీ అబద్ధాలు అల్లుకుంటూ నేనెక్కడ కూర్చోను? లేరంటే ఒక్కమాటతో అయిపోయింది."